డీఏటీకి 4 వారాల ముందు ఆకారాల విభాగం: పాలకొల్లు అభ్యర్థిని కేసు

అభ్యర్థినిది పాలకొల్లు పక్క పల్లె. ఇంటర్ బైపీసీ ఇక్కడే చదివి, ఇప్పుడు అమెరికాలో బయాలజీ డిగ్రీ చేస్తోంది. మే మధ్యలో సెలవులకు ఇంటికి వచ్చింది. జూన్ మధ్యలో అక్కడి డెంటల్ అడ్మిషన్ టెస్ట్, అంటే డీఏటీ. ఆ పరీక్షా కేంద్రాలు మన దేశంలో లేవు గనుక వారం ముందే తిరిగి వెళ్ళాలి. అంటే ఇంటి దగ్గర 3 వారాలు, వెళ్ళాక 1 వారం. కెమిస్ట్రీ, బయాలజీల్లో ఆమెకు పట్టు ఉంది. కష్టమంతా పర్సెప్చువల్ ఎబిలిటీ టెస్ట్ అనే పీఏటీతోనే, అంటే ఆకారాలను మనసులో తిప్పి, మడిచి చూడాల్సిన విభాగంతోనే.

మన వైపు బీడీఎస్‌లో చేరేవాళ్ళకు ఈ విభాగం ఎదురు కాదు. నీట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్ప ఆకారాల ప్రశ్నలు ఉండవు. కాలేజీలో చేరాక మైనం దిమ్మె మీద పన్ను చెక్కమన్నప్పుడే ఆ అవసరం మొదటిసారి తెలుస్తుంది. అమెరికాలో దీన్ని అడ్మిషన్‌కు ముందే కొలుస్తారు. నోట్లో అద్దం పెట్టి తలకిందులుగా, ఎడమ కుడిగా కనిపించే పన్ను మీద పనిచేసే వృత్తి ఇది. చదునైన ఎక్స్‌రే చూసి వేరు ఎటు వంగిందో ఊహించాలి. అందుకే పీఏటీ స్కోరును అకడమిక్ సగటులో కలపకుండా విడిగా చూపిస్తారు. 2025 మార్చి నుంచి స్కోరు 200–600 కొలమానంలో వస్తోంది. అంతకు ముందు 1–30 ఉండేది. పాత పుస్తకాల్లో "20 వస్తే చాలు" లాంటి మాట కనిపిస్తే అది పాత కొలమానమని గుర్తుపెట్టుకోవాలి.

పీఏటీలో 90 ప్రశ్నలు, 60 నిమిషాలు. 6 రకాలు, ఒక్కో రకంలో 15. వరసగా కీహోల్ (వస్తువు ఏ రంధ్రంలో దూరుతుందో), టాప్-ఫ్రంట్-ఎండ్ దృశ్యాలు (పై, ముందు, పక్క దృశ్యాల్లో రెండు ఇస్తే మూడోది ఏదో), కోణాల వరస (4 కోణాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చడం), హోల్ పంచింగ్ (మడిచి రంధ్రం చేసిన కాగితం విప్పితే రంధ్రాలు ఎక్కడ వస్తాయో), క్యూబ్ కౌంటింగ్ (పేర్చిన ఘనాల్లో రంగు పడిన ముఖాల లెక్క), ప్యాటర్న్ ఫోల్డింగ్ (చదునైన నమూనాను మడిస్తే ఏ ఆకారం వస్తుందో). తప్పు జవాబుకు మార్కులు కొయ్యరు. మొదటి రోజు గడియారం పెట్టి రాయించిన పరీక్షలో ఆమెకు కీహోల్‌లో 6, దృశ్యాల్లో 7, కోణాల్లో 9, హోల్ పంచింగ్‌లో 8, క్యూబుల్లో 9, ప్యాటర్న్‌లో 6 వచ్చాయి. మొత్తం 90కి 45. 11 ప్రశ్నలు ముట్టుకోకుండానే టైమ్ అయిపోయింది.

ఇలాంటి అంకెలు చూడగానే చాలామంది రోజుకో మాక్ టెస్ట్ మొదలుపెడతారు. అది వద్దని గట్టిగా చెప్పాం. మాక్ టెస్ట్ ఎంత వచ్చిందో చెబుతుందే గానీ ఎందుకు తప్పిందో చెప్పదు. ముందు రెండు రోజులు ఒక్క కొత్త ప్రశ్న కూడా ఇవ్వకుండా, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయించాం. నియమం తెలియక తప్పిందా, ఆకారం మనసులో తిప్పేటప్పుడు చెదిరిందా, టైమ్ చాలక ఊహించిందా అన్నది తేల్చాలి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. నియమం తెలియక పోయిన మార్కు ఒక పూటలో తిరిగి వస్తుంది. తిప్పడంలో పోయింది రావాలంటే వారాలు కావాలి. 4 వారాలే ఉన్నప్పుడు ఆ మొదటి రకం మార్కులన్నీ ముందే చేతిలో పడాలి.

కారణాలు రాయించడం వల్ల దృశ్యాల విభాగంలో ఒక విచిత్రం బయటపడింది. తప్పిన 8లో ఎక్కువ జవాబులు సరైన జవాబుకు అద్దంలో బొమ్మలా ఉన్నాయి. గీతల సంఖ్య సరిపోయింది, ఎత్తులు సరిపోయాయి, ఎడమ కుడి మాత్రం తారుమారు. ఇది ఊహాశక్తి లోపం కాదు. బీటెక్ చదివిన వాళ్ళ అన్నయ్య తన ఇంజినీరింగ్ డ్రాయింగ్ నోట్సు ఇచ్చి నేర్పాడు. మన కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్. అందులో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద ఉంటుంది, ఫ్రంట్‌కు కుడి పక్కన గీసేది ఎడమ నుంచి చూసిన దృశ్యం. డీఏటీలో ఉండేది థర్డ్ యాంగిల్ అమరిక. టాప్ పైన, ఫ్రంట్ దాని కింద, కుడి పక్కన ఉండే ఎండ్ వ్యూ కుడి నుంచి చూసినదే. అన్నయ్య నేర్పింది తప్పు కాదు, పరీక్ష వేరు. డ్రాయింగ్ తెలిసిన ఇంజినీర్లు ఇంట్లో ఉన్న పిల్లల్లో ఈ తప్పు ఉందేమో మొదటే వెతకాలి.

దిద్దడానికి ఒక్క సూత్రం చాలింది. టాప్ వ్యూలో అడుగు అంచు వస్తువు ముందు భాగం. ఎండ్ వ్యూలో అదే ముందు భాగం ఎడమ అంచుగా వస్తుంది. కాబట్టి టాప్‌లో కింది నుంచి పైకి కొలిచిన లోతు, ఎండ్‌లో ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. వెడల్పు టాప్, ఫ్రంట్ రెండింట్లో ఒకటే. ఎత్తు ఫ్రంట్, ఎండ్ రెండింట్లో ఒకటే. ప్రతి ప్రశ్నలోనూ టాప్ అడుగు అంచున పెన్సిల్‌తో చిన్న చుక్క, ఎండ్ ఎడమ అంచున ఇంకో చుక్క పెట్టించి, ఆ తర్వాతే జవాబులు చూడనిచ్చాం. పరీక్షలో కంప్యూటర్ తెర మీద చుక్క పెట్టలేరు గనుక రెండో వారంలో ఆ చుక్కలు మాన్పించాం. అప్పటికి కన్ను అక్కడికి దానంతట అదే వెళుతోంది. ఇక మిగిలింది విరుగు గీతల పని. కనిపించని అంచును విరుగు గీతతో చూపిస్తారు. నాలుగు జవాబుల్లో బయటి హద్దు నప్పనిది ముందు కొట్టెయ్యాలి. తర్వాత ఒక్క గీతను పట్టుకుని, అది నిండుగా ఉండాలా విరుగుగా ఉండాలా అని తేల్చాలి. వస్తువు మొత్తాన్ని మనసులో కట్టుకునే అవసరం మూడింట రెండు ప్రశ్నల్లో రానే రాదు.

క్యూబ్ కౌంటింగ్‌కు పాలకొల్లులో ఒక వడ్రంగి దగ్గర మిగులు కర్రతో అంగుళం ఘనాలు 25 కోయించారు. అన్నీ ఒకే కొలతలో ఉండాలని ముందే చెప్పాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా మూడో అంతస్తుకు దొంతి ఒరుగుతుంది, ముఖాల మధ్య సందులు కనిపించి లెక్క గజిబిజి అవుతుంది. ప్రశ్న ఇలా ఉంటుంది: ఘనాలను అంటించి పేర్చారు, నేలను ఆనుకున్న అడుగు తప్ప బయటపడ్డ అన్ని ముఖాలకూ రంగు వేశారు, 2 ముఖాలకు రంగు ఉన్న ఘనాలు ఎన్ని? ఆమె రంగు పడిన ముఖాలను వెతుకుతూ లెక్కపెట్టేది. వెనక దాగిన ముఖం దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. దాన్ని తిరగేయించాం. ఏ ఘనమైనా 5తో మొదలుపెట్టాలి. పక్కన ఆనుకున్న ప్రతి ఘనానికీ ఒకటి, నెత్తిన ఘనం ఉంటే ఒకటి తీసెయ్యాలి. అడుగున ఏముందో అక్కర్లేదు.

వరసగా 3 ఘనాలు, మధ్యదాని మీద ఒకటి ఉన్నాయనుకోండి. రెండు చివరలకూ 5లో 1 పోగా 4 చొప్పున. మధ్యదానికి ఇరువైపులా 2, పైన 1 పోగా 2. పైదానికి పక్కన ఎవరూ లేరు, 5. సుద్దముక్కతో బయటి ముఖాలన్నీ రుద్ది, విడదీసి చూసుకుంటే లెక్క సరిపోతుంది. పరీక్షలో ఒక్కో బొమ్మకు రెండు మూడు ప్రశ్నలు ఉంటాయి. కాబట్టి ప్రశ్న చదవక ముందే 0 నుంచి 5 దాకా పట్టిక గీసి, ప్రతి ఘనానికీ ఒక గీత పెట్టి, గీతల మొత్తం ఘనాల మొత్తానికి సరిపోయిందో చూసుకోవాలి. సరిపోకపోతే పై వరసను మోస్తున్న దాగిన ఘనం ఒకటి మరిచిపోయినట్టే. నాలుగో రోజుకే ఈ విభాగంలో 13 దాటింది.

హోల్ పంచింగ్‌లో ఆమె చేసిన తప్పు ఒక్కటే, మడతలు విప్పే వరస. 16 సెంటీమీటర్ల చదరపు కాగితాన్ని 4 అడ్డు, 4 నిలువు గళ్ళుగా గీసి, పై నుంచి అడ్డు వరస, ఎడమ నుంచి నిలువు వరస సంఖ్యలు ఇద్దాం. 1-3 అంటే మొదటి అడ్డు వరసలో మూడో గడి. మొదటి మడతలో కింది ఎడమ మూలను పై కుడి మూలకు తెచ్చాం. మడత గీత పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు నడుస్తుంది. రెండో మడతలో కుడి చివరి నిలువు వరసను లోపలికి, మూడో వరస మీదకు మడిచాం. ఇప్పుడు 1-3లో రంధ్రం. విప్పేటప్పుడు చివరి మడత ముందు విప్పాలి. 1-3కి తోడు 1-4 వస్తుంది. తర్వాత మూల మడత విప్పితే 3-1, 4-1 వస్తాయి. మొత్తం 4 రంధ్రాలు. ఆమె మొదటి మడతను ముందు విప్పి 3-1 రాసుకునేది. తర్వాత రెండో మడతకు 1-4 మాత్రమే వచ్చేది. 4-1 ఎప్పుడూ పోయేది. తప్పు జవాబుల్లో సరిగ్గా ఆ 3 రంధ్రాల బొమ్మ ఉంటుంది, ప్రశ్న తయారుచేసే వాళ్ళకు ఈ పొరపాటు తెలుసు. నిజం కాగితం మడిచి పంచ్ చేసి విప్పడం ఒక 20 సార్లు చాలు. తర్వాత పరీక్షలో రాసుకోవడానికి ఇచ్చేలాంటి చిన్న బోర్డు మీద 16 చుక్కలు పెట్టి చేయడమే. మడత గీత మీద సగం పడిన రంధ్రం విప్పితే ఒకే నిండు రంధ్రమవుతుందని మరిచిపోకూడదు.

కోణాల విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. జామెట్రీ బాక్సులోని కోణమానినితో అట్టముక్కల మీద కోణాల జతలు గీయించాం, మొదట 10 డిగ్రీల తేడా, తర్వాత 6, తర్వాత 4, 3. వెనక అసలు డిగ్రీలు రాసి ఉంటాయి. చెప్పగానే తిప్పి చూసుకోవాలి, ఆలస్యమైతే కన్ను నేర్చుకోదు. భుజాలు పొడుగ్గా ఉన్న కోణం పెద్దదిగా అనిపించడం ఆమె బలహీనత, అందుకని భుజాలు కావాలనే అసమానంగా గీయించాం. చూపు శీర్షం దగ్గరే నిలపాలి. 90 దాటిన కోణాలకు సరళరేఖ కావడానికి ఎంత మిగిలిందో పోల్చడం తేలిక. నాలుగింటిలో అన్నిటికంటే చిన్నది, పెద్దది పట్టుకుంటే చాలాసార్లు జవాబు తేలిపోతుంది. తెర మీద బోర్డు అంచు పెట్టి కొలిచే అలవాటు మాత్రం చేయనివ్వకూడదు.

అసలు కష్టం కీహోల్‌లో ఉంది. ఒక వస్తువు బొమ్మ ఇచ్చి, 5 రంధ్రాల్లో అది ఏ రంధ్రంలోంచి పూర్తిగా దూరుతుందో అడుగుతారు. లోపలికి వెళ్ళకముందు ఎటైనా తిప్పవచ్చు, వెళ్ళడం మొదలయ్యాక తిప్పకూడదు. రంధ్రం ఆ వస్తువు బయటి హద్దుకు అచ్చంగా సరిపోవాలి, కొలత కూడా బొమ్మ కొలతే. ఆమె ఒక్కో రంధ్రాన్ని చూస్తూ, దానికి తగ్గట్టు వస్తువును మనసులో తిప్పేది. 5 రంధ్రాలకు 5 తిప్పుళ్ళు. మనసులో ఎంత ఎక్కువ కోణం తిప్పాలో అంత ఎక్కువ సమయం పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు షెపర్డ్, మెట్జ్లర్ 1971లోనే చూపించారు. కాబట్టి తిప్పుళ్ళు తగ్గించడమే దారి. జవాబులు చూడకముందే వస్తువుకు పై నుంచి, ముందు నుంచి, పక్క నుంచి మూడు హద్దులు ఏర్పరుచుకోవాలి. సరైన రంధ్రం దాదాపు ఎప్పుడూ ఆ మూడింట్లో ఒకటే.

హద్దును కంటితో చూడటానికి బట్టల సబ్బు వాడాం. 6, 4, 2.5 సెంటీమీటర్ల దిమ్మె కోసి, ఒక మూలలో గాడి, ఒక వైపు ఏటవాలు చెక్కాలి. ముందు బంగాళాదుంపతో ప్రయత్నించారు. ఈ ఎండలకు గంటలో ముడుచుకుని కొలత మారిపోయింది. అరటి బోదె మెత్తగా తెగుతుంది గానీ పొరలు విడిపోయి అంచు నిలవదు. సబ్బు అంచు పదును నిలుస్తుంది. చెక్కిన ముక్క నీడను గ్రాఫ్ పేపరు మీద పట్టాలి. రాత్రి టార్చితో చేస్తే నీడ తప్పుతుంది. దగ్గరి దీపం నుంచి కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి, వస్తువులో కాగితానికి దూరంగా ఉన్న భాగం పెద్దదిగా పడుతుంది. ఎండలో కిరణాలు సమాంతరం. పాలకొల్లు ఉన్న గోదావరి డెల్టా అక్షాంశం 16.5 డిగ్రీల దగ్గర గనుక మే నెల మధ్యాహ్నం 12 గంటల వేళ సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డాబా మీద చదునుగా పరిచిన గ్రాఫ్ పేపరు మీద, సబ్బును కాస్త ఎత్తులో సన్నని పుల్లకు గుచ్చి పట్టుకుంటే దాదాపు అసలు కొలతలోనే హద్దు పడుతుంది. వేరే నెలల్లో చేసేవాళ్ళు కాగితాన్ని కిరణాలకు లంబంగా వంచి పట్టాలి. మేలో ఆ పనిలో 5 నిమిషాలకు మించి ఉండకూడదు, నీళ్ళు పక్కన పెట్టుకోవాలి. మిగతా అభ్యాసమంతా తెల్లవారి 5 నుంచి 8 లోపే.

ఈ పనిలో తప్పు జవాబుల తీరు కూడా తెలిసింది. ఆకారం సరిగ్గానే ఉంటుంది, గాడి లోతు మాత్రం కొంచెం ఎక్కువ ఉంటుంది. లేదా గాడి ఎదురు వైపున ఉంటుంది. ఆకారం నప్పింది కదా అని వెంటనే ఎంచుకోకుండా, గాడి లోతును మొత్తం వెడల్పుతో పోల్చి పావు వంతా, మూడో వంతా అని చెప్పించాం. అప్పటి నుంచే కీహోల్ మార్కులు కదిలాయి.

ప్యాటర్న్ ఫోల్డింగ్‌కు తాపేశ్వరం కాజా పెట్టె మంచి మొదటి మెట్టు. జాగ్రత్తగా విప్పితే చదునైన అట్ట అవుతుంది. కానీ అంటించే చెవులను ముందు కత్తిరించెయ్యాలి, లేకపోతే వాటిని కూడా ముఖాలనుకుంటారు. తర్వాత డ్రాయింగ్ షీటు మీద ప్రశ్నపత్రంలోని నమూనాలను రెట్టింపు కొలతలో గీసి కోయాలి. మడత గీత మీద స్కేలు ఆనించి ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీస్తే మడత చక్కగా విరుగుతుంది. కనిపించేది నమూనా బయటి వైపు, కాబట్టి మడత ఎప్పుడూ అవతలికి. ఇవతలికి మడిస్తే షేడింగ్ అంతా అద్దంలో బొమ్మ అవుతుంది. షేడింగ్ లేని ఆకారాల్లో ఒక వింత ముఖాన్ని, అంటే సమలంబాన్నో ఒంటరి త్రిభుజాన్నో పట్టుకుని దాని పక్క ముఖాలను సరిచూస్తే చాలు. షేడ్ చేసిన ఘనాల్లో వరసగా ఉన్న 4 ముఖాల్లో ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా వస్తాయి. ఎదురెదురు ముఖాలు పక్కపక్కన కనిపించే జవాబును వెంటనే కొట్టెయ్యవచ్చు. ఇంత చేసినా ఈ విభాగం ఆమెకు పూర్తిగా లొంగలేదు.

పదో రోజు తర్వాత ఘనాలు, సబ్బు, అట్టలు అన్నీ పక్కన పెట్టించాం. ఇది చాలా ముఖ్యం, ఎక్కువమంది ఇక్కడే ఆలస్యం చేస్తారు. చేతిలో వస్తువు ఉన్నంత కాలం మనసు దాన్ని పట్టుకునే పని మానుకుంటుంది. తీసేసిన మొదటి రెండు రోజులు మార్కులు తగ్గాయి, ఆమె కంగారు పడింది. అది ఊహించిన తగ్గుదలే. జవాబు చెప్పాక మాత్రమే, తప్పినప్పుడు మాత్రమే వస్తువు ముట్టుకోవచ్చని నియమం పెట్టాం. మూడో రోజుకు మళ్ళీ కుదురుకుంది.

మూడో వారం నుంచి టైమ్ పంపకం. సగటున ప్రశ్నకు 40 సెకన్లు అనుకోవడం పొరపాటు. కోణాలకు 5 నిమిషాలు, హోల్ పంచింగ్‌కు 7, క్యూబులకు 9, కీహోల్‌కు 12, దృశ్యాలకు 13, ప్యాటర్న్‌కు 12 ఇచ్చాం. మొత్తం 58. మిగిలిన 2 నిమిషాల్లో ఖాళీలన్నీ నింపాలి, తప్పుకు కోత లేదు కాబట్టి ఖాళీ వదలడం దండగ. 60 నిమిషాలూ 90 ప్రశ్నలకు కలిపి ఒకటే గడియారం. కీహోల్‌లో మొండిదానికి 1 నిమిషం దాటితే ఏదో ఒకటి గుర్తించి ముందుకు పోవాలి. లేకపోతే వెనక ఉన్న సులువైన హోల్ పంచింగ్, క్యూబులు చేజారిపోతాయి.

ఇంకొకటి, పీఏటీ పరీక్షలో మొదట రాదు. ముందు 90 నిమిషాల నేచురల్ సైన్సెస్ ఉంటుంది: 40 బయాలజీ, 30 జనరల్ కెమిస్ట్రీ, 30 ఆర్గానిక్. విరామం పీఏటీ అయ్యాకే. తాజా మెదడుతో ఉదయం 5 గంటలకు చేసిన పీఏటీ స్కోరు అందుకే నమ్మదగింది కాదు. మూడో వారంలో రెండుసార్లు 100 సైన్సు ప్రశ్నల తర్వాతే పీఏటీ రాయించాం. మొదటిసారి దృశ్యాల్లోనే 3 మార్కులు తగ్గాయి. అలసటలో పాత ఫస్ట్ యాంగిల్ అలవాటు తిరిగి వచ్చింది. ఎండ్ వ్యూ ఎడమ అంచే ముందు భాగమన్న ఆ ఒక్క వాక్యాన్ని పీఏటీ మొదలుపెట్టగానే బోర్డు మీద రాసుకోమన్నాం.

బయల్దేరే ముందు చివరి పూర్తి పరీక్షలో కీహోల్ 10, దృశ్యాలు 13, కోణాలు 11, హోల్ పంచింగ్ 14, క్యూబులు 14, ప్యాటర్న్ 9. మొత్తం 71. పెరిగిన 26లో 17 దృశ్యాలు, హోల్ పంచింగ్, క్యూబుల్లోంచే వచ్చాయి, అంటే నియమాలు కుదిరిన చోట. అమెరికా తూర్పు తీరానికి వేసవిలో మనకంటే 9.5 గంటల తేడా. వెళ్ళిన మొదటి 3 రోజులు నిద్ర సర్దుకోవడానికే వదిలి, రోజుకు 20 కోణాలు, ఒక క్యూబ్ పట్టిక తప్ప ఏమీ వద్దన్నాం. తర్వాత పరీక్ష జరిగే గంటకే రోజూ సగం పీఏటీ. ఆఖరి రోజు ఏమీ లేదు.

4 వారాలు కూడా లేని అభ్యర్థికి, అంటే 2 వారాలే ఉంటే, ఈ పథకాన్ని కుదించి వేగంగా నడపకూడదు. షేడ్ చేసిన ప్యాటర్న్‌లనూ సబ్బు చెక్కడాన్నీ పూర్తిగా వదిలెయ్యాలి. మొదటి 4 రోజులు క్యూబులు, హోల్ పంచింగ్, దృశ్యాల అమరిక. తర్వాత 5 రోజులు కీహోల్‌లో మూడు హద్దుల పద్ధతి కాగితం మీద మాత్రమే, పక్కన రోజుకు 15 నిమిషాలు కోణాలు. మిగిలిన రోజులు సైన్సు తర్వాత పీఏటీ. షేడ్ చేసిన ప్యాటర్న్ ప్రశ్నల్లో ఎదురు ముఖాల పద్ధతితో ఒక జవాబు కొట్టేసి, మిగిలిన మూడింట్లో ఒకటి గుర్తించి సాగిపోవడమే.